పనిముట్టు ముంగిట అంగడి



ఈ వారము మీకు ఒక చరిత్ర చెప్పాలని ఆశిస్తున్నాను. రాజుల చరిత్ర కాదు, యుద్ధముల చరిత్ర కాదు. మీరు వినే రేడియో సందేశము మీ ఇంటికి రాకముందు దాటి రావలసిన ఒక చిన్న గుమ్మము చరిత్ర. కంప్యూటరులో స్వరము రికార్డు చేసే సాఫ్ట్‌వేరును తెరుస్తాము. పని కనబడకముందే ఒక పెద్ద బొమ్మ వచ్చి అడ్డముగా నిలబడుతుంది. కొత్త రూపము వచ్చింది కొనండి, ఫలానా వాయిద్యముల కట్ట ఈ వారము సగము ధరకే, మీ ఖాతాలోకి ప్రవేశించండి అంటుంది. దానిని మూసివేస్తేగాని మన పని మొదలు కాదు. ఇది ఇంజనీర్లు మాట్లాడుకునే విషయము కదా, సంఘ పత్రికలో దీనికేమి పని అని మీరు అడుగుతారు. పోయిన సంవత్సరము కోతల కాలము వరకు నేను కూడా అలాగే అనుకున్నాను.

మాది రామన్నపేట. పాత నల్లగొండ జిల్లా, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లా. మందిరము వెనుక సామాను పెట్టుకునే గదిలో గోడలకు పాత బొంతలు వేలాడదీసి, దానినే మేము స్టూడియో అని పిలుచుకుంటాము. గుంటూరు వైపు వెళ్ళే రైలు వచ్చినప్పుడు మాట ఆపుతాము, బండి పోయిన తరువాత మళ్ళీ మొదలుపెడతాము. రైలుతో మాకు పేచీ లేదు. దానికి ఒక వేళ ఉన్నది.

ఆ రోజు పక్క ఊరి నుండి ఒక అవ్వను ఆమె మనుమడు ఆటోలో తీసుకొనివచ్చాడు. ఎనభై దాటిన మనిషి, చూపు పోయింది. వరికోతలప్పుడు వాళ్ళమ్మ పాడిన పాటలు ఆమె నోట మాత్రమే మిగిలి ఉన్నాయి. పాటల పుస్తకములో అవి లేవు. ఆమెను మైకు ముందు కూర్చోబెట్టాము. ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని, కళ్ళు మూసుకొని, సన్నగా శ్రుతి పట్టింది. మా యౌవనస్థుడు ల్యాప్‌టాపులో సాఫ్ట్‌వేరు తెరిచాడు. తెర మధ్యలో ప్రకటన వచ్చింది. అది ఊరకే బొమ్మ కాదు, వీడియో. స్పీకరు పెట్టె కలిపే ఉన్నది. గదంతా డప్పుల మోత, దాని మీద ఒక మగమనిషి ఇంగ్లీషు.

అవ్వ ఉలిక్కిపడి పాట ఆపివేసింది. "ఎవరో దొర మాట్లాడుతుండు గద అయ్యగారూ, ఆయన మాట కానీయుండ్రి. నేను తర్వాత పాడుత" అన్నది.

మేము నవ్వాము. నవ్వకుండా ఉండలేకపోయాము. కాని ప్రకటన మూసిన తరువాత ఖాతా పేరు అడిగింది, పాస్‌వర్డు అడిగింది, నెట్టు లేదని అలిగింది. అంతలో రైలు వచ్చింది. చివరికి ఎర్ర మీట నొక్కేసరికి అవ్వకు మొదటి చరణము వచ్చింది గాని రెండవది రాలేదు. ఎంత తడుముకున్నా రాలేదు. "నోట్లనే ఉండె బిడ్డా, పోయింది" అన్నది. చీకటి పడకముందే ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ సాఫ్ట్‌వేరు పేరు నేను చెప్పను. పేరు చెబితే ఒకరి మీది కోపముగా మిగిలిపోతుంది. ఇది ఒకరి సంగతి కాదు. ఆ రాత్రి నాకు తోచిన ప్రశ్న ఇది. పనిముట్టుకు నోరు ఎప్పుడు వచ్చింది?

మా మండలములో నేత పనివారు ఉన్నారు. గుంట మగ్గములో కాళ్ళు దించుకొని కూర్చున్న మనిషిని ఒక్కసారి తలచుకోండి. తెల్లవారి నాడె పట్టుకోబోతుండగా, నూలు షావుకారు మనిషి వచ్చి మగ్గము మీద బోర్డు పెట్టి, ఇది చదివిన తరువాతే నాడె ముట్టుకో అన్నాడనుకోండి. ఏమంటాడు? షావుకారుకు అప్పు ఉంటే ఉండవచ్చు, నూలు ఆయన దగ్గరే కొనవలసి ఉండవచ్చు. ఆ లెక్క అంగట్లో. మగ్గము దగ్గర కాదు. సుత్తెకు, కొడవలికి, మా నాయన కాలపు టేపు రికార్డరుకు కూడా ఇదే మర్యాద ఉండేది. టేపు రికార్డరు మీద కంపెనీ పేరు ఒక మూల చెక్కి ఉండేది, అంతే. మీట నొక్కితే చక్రము తిరిగేది.

అయితే రేడియోకు ఆ నోరు చాలా ముందే వచ్చింది. మనము ఆ సంగతి ముందుగా తెలుసుకోవాలి, ఎందుకంటే కంప్యూటరు తెర మీద ఇప్పుడు జరుగుతున్నది రేడియోలో వంద సంవత్సరముల క్రితము జరిగినదే.

1922 ఆగస్టు 28న న్యూయార్కులో డబ్ల్యు.ఇ.ఎ.ఎఫ్. అనే స్టేషను, క్వీన్స్‌బరో కార్పొరేషన్ అనే ఇళ్ళ వ్యాపార సంస్థకు కొన్ని నిమిషముల కాలము అమ్మింది. డబ్బు తీసుకొని రేడియోలో చేసిన తొలి ప్రకటనలలో అది ప్రసిద్ధమైనది. ఆ స్టేషను ఎ.టి. అండ్ టి. అనే టెలిఫోను కంపెనీది. టెలిఫోను బూతులో డబ్బులు వేసి మాట్లాడినట్టు రేడియోలో కూడా డబ్బు కట్టి మాట్లాడవచ్చునని వారి లెక్క. అదే సంవత్సరము ఫిబ్రవరిలో వాషింగ్టనులో రేడియో మహాసభ జరిగింది. అప్పటి వాణిజ్య మంత్రి, తరువాత అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ ఆ సభలో, ఇంత గొప్ప సేవా సాధనమును ప్రకటనల గోలలో ముంచివేయడము ఊహకే అందదని అర్థము వచ్చేలా మాట్లాడాడు. ఆయన ఊహకు అందనిది ఆరు నెలలలో చెవికి వినబడింది.

మన దేశములో దారి వేరుగా ఉండెను. రేడియో పెట్టుకున్నవారు పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు రుసుము కట్టేవారు. చిన్న పుస్తకములో ముద్ర వేయించుకునేవారు. మీ ఇండ్లలో పాత పెట్టె వెతికితే ఆ పుస్తకము ఇప్పటికీ దొరకవచ్చు. 1980ల మధ్యలోగాని ఆ రుసుము పోలేదు. హైదరాబాదులో నిజాము ప్రభుత్వపు దక్కన్ రేడియో నడిచేది, అది 1950లో ఆకాశవాణిలో కలిసింది. వినేవాడి రుసుముతో, ప్రభుత్వపు ఖర్చుతో నడిచిన రేడియో గనుక దానికి సరుకు అమ్మవలసిన అవసరము లేకపోయెను. దానికి వేరే లోపములు ఉన్నాయి, అవి దాచను. 1952లో సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటలు సంస్కారము కాదని ఆకాశవాణిలో అణచివేశాడు. జనము ఏమి చేశారు? ముల్లు సిలోను వైపు తిప్పారు.

అక్కడే మన కథ మలుపు తిరిగింది. రెండవ ప్రపంచ యుద్ధములో మిత్రరాజ్యముల సైన్యము కొలంబోలో పెట్టిన బలమైన ట్రాన్స్‌మిటరు యుద్ధము తరువాత సిలోను చేతికి వచ్చింది. దానితో రేడియో సిలోను వాణిజ్య ప్రసారములు మొదలుపెట్టింది. 1952 డిసెంబరులో బినాకా గీత్‌మాలా ప్రారంభమయింది. అమీన్ సయానీ గొంతు, దాని వెనుక పళ్ళ పేస్టు పేరు. కార్యక్రమము పేరులోనే సరుకు పేరు ఉన్నది, గమనించారా? పాట వినాలంటే పేస్టు గుమ్మము దాటి రావలసిందే. తెలుగు పాటల వేళ మీనాక్షి పొన్నుదురై గొంతు కోసము మా నాయన తరము వారు రేడియో చుట్టూ కూర్చునేవారు. మా నాయన మరణించేవరకు ఆ పేరు గౌరవముగానే పలికాడు.

ఆకాశవాణి ఊరకే కూర్చోలేదు. 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టింది. పదేళ్ళు ఓపిక పట్టి, 1967 నవంబరు 1న బొంబాయి, పూణె, నాగపూరులలో వివిధ భారతిలో ప్రకటనలకు తలుపు తెరిచింది. ఆ తరువాత ఆ తలుపు మూసుకోలేదు.

ఇప్పుడు ఒక చేదు మాట. ఆ సిలోను స్టేషనులోనే కాలము కొనుక్కొని మన క్రైస్తవ సందేశములు కూడా ప్రసారమయ్యాయి. పేస్టు కంపెనీ కట్టినట్టే మనమూ కట్టాము. తరువాత 1970లో ఫెబా సంస్థ సీషెల్సు దీవుల నుండి సొంత ప్రసారము మొదలుపెట్టింది. 2003లో ఆ షార్ట్‌వేవ్ ప్రసారము ఆగేవరకు సరుకుల ప్రకటన లేని వాక్యము మనకు వినబడింది. అది ఉచితమా? కాదు. ఎక్కడో ఎవరో కానుక ఇస్తేనే ఆ ట్రాన్స్‌మిటరు వెలిగింది. ఖర్చు లేని గుమ్మము లోకములో లేదు. ఖర్చు ఎవరు పెడుతున్నారు, అడిగేవాడు ఎక్కడ నిలబడి అడుగుతున్నాడు అన్నవే మిగిలే ప్రశ్నలు.

ఇక కంప్యూటరు సంగతికి వద్దాము.

మొదట్లో సాఫ్ట్‌వేరు తెరవగానే కనిపించిన బొమ్మకు ఒక న్యాయమైన కారణము ఉండెను. అప్పటి డిస్కులు నెమ్మది. పెద్ద ప్రోగ్రాము మేలుకోవడానికి అర నిమిషము పట్టేది. ఆ అర నిమిషము తెర ఖాళీగా ఉంటే యంత్రము చచ్చిపోయిందేమో అని మనిషి భయపడతాడు. అందుకని పేరు, రూపసంఖ్య, తయారుచేసినవారి పేర్లు చూపించేవారు. అతిథికి మంచినీళ్ళ చెంబు ఇచ్చి కూర్చోబెట్టినట్టు. తరువాత డిస్కులు వేగము పుంజుకున్నాయి, ఎదురుచూపు తగ్గింది. తెర మాత్రము పోలేదు. చెంబు ఇచ్చిన చోట అంగడి వెలిసింది.

ఇంకొక మూలము కూడా ఉన్నది. 1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్, జిమ్ నాఫ్ అనే ఇద్దరు వేర్వేరుగా ఒకే రకమైన పని చేశారు. ప్రోగ్రాము వ్రాసి, ముందు వాడుకోండి, నచ్చితే డబ్బు పంపండి అన్నారు. మరుసటి సంవత్సరము బాబ్ వాలేస్ కూడా తన ప్రోగ్రామును షేర్‌వేర్ అనే పేరుతో అలాగే పంచాడు. పట్టెడు గింజలు చేతిలో పెట్టి రుచి చూడమనే శనగల బండివాడి పద్ధతి ఇది. కాని తిన్నవారిలో చాలామంది డబ్బు పంపరు. అందుచేత గుర్తుచేసే తెరలు వచ్చాయి.

స్వరము దిద్దే పనిలో మనవాళ్ళకు బాగా తెలిసిన పేరు కూల్ ఎడిట్. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసి బయటికి వచ్చిన రాబర్ట్ ఎల్లిసన్, డేవిడ్ జాన్‌స్టన్ పెట్టిన సింట్రిల్లియమ్ అనే చిన్న సంస్థ దానిని అరిజోనా రాష్ట్రములో తయారుచేసింది. డబ్బు కట్టని వారికి అది తెరవగానే ఒక ప్రశ్న వేసేది. ఇన్ని పనులలో ఈ పూటకు నీకు ఏవి కావాలో కొన్ని మాత్రము ఎంచుకో, మిగిలినవి మూసి ఉంటాయి అనేది. శబ్దము తగ్గించడము కావాలంటే ప్రతిధ్వని వదులుకో, రెండూ కావాలంటే కొనుక్కో. ఎంత తెలివి! అబద్ధము ఆడలేదు, గదమాయించలేదు. చేతికి ఇచ్చింది ఇంత, కొంటే అంత అని గుమ్మములోనే చెప్పింది.

నేను సెమినరీలో చదివే రోజులలో పట్నములో ఒక చోట సందేశములు రికార్డు చేసే పని నేర్చుకున్నాను. అక్కడ కూల్ ఎడిట్ ప్రో ఉండెను. తెరవగానే ఏ ప్రశ్నా వచ్చేది కాదు. ఎందుకు రాలేదో నాకు కొన్నాళ్ళకు అర్థమయింది. ఎవరో తాళము విరిచిన సీడీ, అమీర్‌పేట కాలిబాట మీద కొన్నది. దానితోనే దొంగిలించకూడదు అనే ఆజ్ఞ మీద ఒక ప్రసంగము రికార్డు చేశాము. ఆ ప్రసంగము నేనే దిద్దాను, దగ్గులు తీసివేశాను, సంగీతము కలిపాను. చేతులు వణకలేదు. ఒక్కరు కూడా ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గురిగింజ తన నలుపు ఎరుగదు అంటారు కదా. ప్రకటనల తెర మీద ఈ రోజు కోపముగా వ్రాస్తున్న చేయి ఆ చేయే అని మీరు తెలుసుకొని చదవండి.

2003 మే నెలలో అడోబ్ కంపెనీ కూల్ ఎడిట్‌ను 165 లక్షల డాలర్లకు కొన్నది. ఆ ఆగస్టులో అది అడోబ్ ఆడిషన్ అనే కొత్త పేరుతో వచ్చింది. ఇద్దరు మనుషుల దుకాణము పెద్ద బజారులో కలిసిపోయింది. పెద్ద స్టూడియోలవారి ప్రో టూల్స్ కథ కూడా అటువంటిదే. డిజిడిజైన్ సంస్థ 1991లో దానిని తెచ్చింది, 1995లో ఆ సంస్థ ఆవిడ్ చేతికి వెళ్ళింది. అందులో ఆ దశకము గడిచి మరొక దశకము చివరి నాటికి, తెరవగానే కొత్త పని మొదలుపెట్టాలా, పాతది తెరవాలా అని అడిగే చిన్న పెట్టె వచ్చింది. అది పని కొరకు వచ్చిన ప్రశ్నే. అక్కరలేదనుకుంటే ఒక గుర్తు తీసివేస్తే మళ్ళీ రాదు. అటువంటి తెర మీద ఎవరికి ఫిర్యాదు ఉంటుంది?

మరి ఎప్పుడు మారింది? నా మట్టుకు నేను 2013 అని చెబుతాను. ఆ సంవత్సరము అడోబ్, ఇకమీదట కొత్త రూపములు పెట్టెలో అమ్మము, నెలనెలా అద్దె కట్టండి అన్నది. 2015లో ఆవిడ్ కూడా ప్రో టూల్స్ 12తో అద్దె పద్ధతి తెచ్చింది. పూర్వము ఒకసారి కొంటే ఆ డిస్కు మీది. మీరు పదేళ్ళు అదే వాడుకున్నా కంపెనీ ఏమీ అనలేదు, ఎందుకంటే అనడానికి దానికి దారి లేదు. ఉత్తరము వ్రాయాలి, పత్రికలో ప్రకటన ఇవ్వాలి. అద్దె వచ్చిన తరువాత, నెట్టు కలిసిన తరువాత, ప్రతి ఉదయము కంపెనీ మీ గదిలోకి వచ్చి నిలబడగలదు. బొమ్మ ఎప్పుడు కావాలంటే అప్పుడు దూరము నుండే మార్చగలదు. మీరు నొక్కారా, మూశారా అని లెక్క పెట్టగలదు.

విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దగ్గర పంతంగి టోలు గేటు మీకు తెలుసు. గేటును పొలములో పెట్టరు, పక్కదారి లేని చోట పెడతారు. సాఫ్ట్‌వేరు ప్రారంభ తెర అటువంటి చోటు. లోపల ఉన్న వందల మీటలలో మీరు ఏది వాడతారో, ఏది వాడరో కంపెనీకి తెలియదు. గుమ్మము మాత్రము అందరూ దాటవలసిందే. అందుకే ఆ చోటుకు అంత విలువ. టోలు గేటు దగ్గర అంబులెన్సుకైనా దారి ఇస్తారు. ఈ గేటుకు అవ్వ ఎవరో, ఆమె శ్రుతి ఎంతసేపు నిలుస్తుందో తెలియదు.

ఉచితముగా దొరికేవి మాత్రము వేరుగా ఉన్నాయా? ఆడాసిటీ సంగతి వినండి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో డొమినిక్ మజ్జోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాము 2000 మే నెలలో లోకానికి వచ్చింది. మూలముతో సహా అందరిదీ. మన పల్లె సంఘములలో ఎన్ని సందేశములు దానితో తయారయ్యాయో! దానికి కూడా చిరకాలముగా ఒక స్వాగత పెట్టె ఉన్నది. సహాయము ఎక్కడ దొరుకుతుందో చెప్పి, మళ్ళీ చూపవద్దంటే చూపకుండా ఊరుకునేది. 2021లో మ్యూజ్ గ్రూప్ దానిని తీసుకున్నది. ఆ మే నెలలోనే, వాడేవారు ఏమి చేస్తున్నారో నెట్టు ద్వారా తెలుసుకునే ఏర్పాటు పెడతామని ప్రతిపాదించారు. లోకమంతా గొడవ చేసింది. వెనక్కు తీసుకున్నారు. జూలైలో గోప్యతా నిబంధనల మీద మళ్ళీ గొడవ, మళ్ళీ వివరణ, మళ్ళీ దిద్దుబాటు. కొందరు మూలమును తీసుకొని వేరే పేర్లతో వేరు కాపురము పెట్టారు, టెనాసిటీ అనేది అందులో ఒకటి. కేక్‌వాక్ అనే మరొక పాత ప్రోగ్రామును గిబ్సన్ కంపెనీ 2017లో ఆపివేస్తే, 2018లో బ్యాండ్‌ల్యాబ్ కొని ఉచితముగా పంచింది. ఖాతా తెరిచి లోపలికి రావాలి, అంతే అన్నది. 2023లో దాని స్థానములో వేరే రూపములు వస్తాయని ప్రకటించింది. ఉచితముగా దొరికిన దాని మీద ఇల్లు కట్టుకున్నవారు మళ్ళీ మూటలు సర్దుకున్నారు.

గొడవ చేయడము వృథా అని మాత్రము అనుకోకండి. 2023 మార్చి చివరలో వేవ్స్ అనే కంపెనీ తన పరికరములను ఇక విడిగా అమ్మము, అద్దె మాత్రమే అన్నది. కొద్ది రోజులలోనే క్షమాపణ చెప్పి పాత అమ్మకము తిరిగి తెరిచింది. వాడేవారు నోరు తెరిచారు గనుక.

ఈ గుంపులో నాకు గౌరవము కలిగించినది రీపర్. విన్యాంప్ చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ చేతిపని, 2005 చివరలో బయటికి వచ్చింది. అరవై రోజులు ఊరికే వాడుకోమంటుంది. ఆ తరువాత తెరవగానే ఒక చిన్న పెట్టె కనిపించి, ఇంకా కొనలేదు, కొనండి అని కొన్ని క్షణములు నిలబడి తొలగిపోతుంది. ఒక్క మీట కూడా తాళము పడదు. డబ్బు కట్టినవారికి ఆ పెట్టె మరి కనబడదు. చిన్నవారికి, లాభాపేక్ష లేని సంస్థలకు ధర 60 డాలర్లు, పెద్ద వ్యాపారులకు 225. ఇది కూడా అడగడమే కదా, తేడా ఏమిటి అంటారా? చేయి చాపి, నీవు నాకు బాకీ ఉన్నావు అన్నది. నిజమే, బాకీ ఉన్నాను. తీర్చితే వెళ్ళిపోయింది. నన్ను ఇబ్బంది పెట్టిన ఆ మరొక తెర, డబ్బు తీసుకున్న తరువాత కూడా అమ్ముతూనే ఉన్నది.

ఇక్కడ యెరూషలేము దేవాలయపు ఆవరణము నాకు గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? మీరందరూ ఎరిగిన సంఘటనే. అయితే ఒక చారిత్రక విషయము మనము తరచుగా దాటవేస్తాము. ఆ రూకలు మార్చేవారు అక్కరలేని మనుషులు కారు. దేవాలయపు అర షెకెలు పన్నును తూరు పట్టణపు నాణెములో కట్టవలసి ఉండెను. దూరదేశముల నుండి వచ్చినవానికి నాణెము మార్చిపెట్టేవాడు కావాలి, పావురము అమ్మేవాడు కావాలి. పని అవసరమైనదే. చోటు తప్పు. ఆ అంగడి వెలిసినది అన్యజనుల ఆవరణములో అని చాలామంది పండితులు చెబుతారు. లోపలికి వెళ్ళే హక్కు లేని పరదేశి నిలబడి ప్రార్థించుకోవడానికి మిగిలిన ఒకే ఒక్క చోటు అది. లోపలివారికి పెద్ద నష్టము లేదు. బయటివానికి నిలబడే చోటు పోయింది. మా స్టూడియోలో కూడా ప్రకటనల తెరకు నేను అలవాటుపడ్డాను, మా యౌవనస్థుడు చూడకుండానే మూసివేస్తాడు. నష్టపోయినది మొదటిసారి లోపలికి వచ్చిన అవ్వ.

ఈ వ్యాసము వ్రాస్తూ ఉండగా మా ఇంట్లోనే ఒక ప్రశ్న వచ్చింది. నా భార్య అడిగింది, "మరి మన కార్యక్రమము మొదట్లో ఏమున్నదో ఎప్పుడైనా విన్నారా?" అని. గడియారము పెట్టుకొని పాత సందేశములు పది విన్నాను. పదిహేను నిమిషముల కార్యక్రమములో మొదట సంగీతము, తరువాత కార్యక్రమము పేరు, నా పేరు, నా చదువు, చిరునామా రెండుసార్లు, ఫోను నంబరు రెండుసార్లు, కానుకల మనవి, పోయిన నెల సభల విశేషములు. వాక్యము మొదలయ్యేసరికి రెండు నిమిషముల నలభై సెకన్లు. ఒక దానిలో మూడు నిమిషములు దాటింది. ఆసుపత్రి మంచము మీద నుండి ఫోనులో వినేవాడు ఈ మూడు నిమిషములూ నా పేరు, నా డిగ్రీలు విని, తరువాత కదా ఓదార్పు మాట వినాలి!

సంఘ పెద్దలతో కూర్చున్నాము. మాట తేలికగా తెగలేదు. చిరునామా ముందు చెప్పకపోతే కానుకలు తగ్గుతాయని కోశాధికారి అన్నారు. ఆయన మాటలో నిజము ఉన్నది, స్టేషనుకు నెలనెలా కట్టవలసినది ఉన్నది. చివరికి ముందు భాగము ఇరవై సెకన్లకు కుదించి, మనవి అంతా చివరికి మార్చాము. మొదటి రెండు నెలలు కానుకలు కొంత తగ్గాయి కూడా. ఇప్పటికీ ఆ విషయములో మా మధ్య ఏకాభిప్రాయము లేదు. నెలాఖరున లెక్కలు చదివేటప్పుడు కోశాధికారి నా వైపు ఒక చూపు చూస్తారు.

స్టూడియోలో కొన్ని మార్పులు చేశాము. కట్టవలసిన లైసెన్సు కట్టాము, రసీదును బొంత పక్కన గోడకు అంటించాము. ప్రారంభ తెరను ఆపే గుర్తు ఏ మూల ఉన్నా వెతికి తీసివేశాము. ఆపడానికి వీలులేని దానిని, మనిషి రాకముందే అరగంట ముందు తెరిచి, ఖాళీ ఫైలు సిద్ధము చేసి ఉంచుతాము. నెట్టు తీగ తీసివేస్తాము. స్పీకరు పెట్టె తాడు చివరన మాత్రమే కలుపుతాము. మీలో ఇటువంటి పని చేసేవారు ఉంటే ఈ చివరి మాట మరువకండి, మాకు నష్టము అక్కడే జరిగింది.

సంక్రాంతి దాటిన తరువాత అవ్వ మళ్ళీ వచ్చింది. గుమ్మములో చెప్పులు విడిచి, మనుమడి భుజము పట్టుకొని, కూర్చోకముందే అడిగింది. "ఆ దొర పోయిండా అయ్యగారూ?"

"పోయిండవ్వా."

నవ్వింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నది. గదిలో చప్పుడు లేదు. రైలు కూడా అప్పుడే వెళ్ళిపోయింది. ఈసారి రెండవ చరణము వచ్చింది, తడబాటు లేకుండా. మూడవది ఉన్నదని తెలుసు గాని నోటికి రావడము లేదన్నది. వాళ్ళమ్మ కోత అయిపోయే వేళకు అది పాడేదట, సూర్యుడు దిగుతూ ఉండగా.

వలిగొండ, చిట్యాల, చౌటుప్పల్, నార్కెట్‌పల్లి వైపు చదువరులారా, మీ ఊళ్ళలో పెద్దతల్లులు ఉంటే అడిగి చూడండి. రూతు బోయజు పొలములో పరిగె ఏరుకున్న కథ, వరికోతల పాట వరుసలో ఉంటుంది. మూడవ చరణము ఎవరికైనా వస్తే ఫోనులోనే రికార్డు చేసి మాకు పంపండి.